మూడు నెలలే కదా

ప్రమోదకి కోపం ఎక్కువని షాదీపూర్‌లో సగం మంది అనుకునేవారు. మిగతా సగం మంది ఆమెతో ఒక్కసారైనా మాట్లాడినవాళ్ళు. పాపం, ఆ మనిషికి కోపమంటేనే తెలియదు. తెలిసుంటే బాగుపడేది. రెండు కనుబొమ్మల మధ్య నిలువుగా రెండు గీతలు, గోటితో గీసినట్టు లోతుగా ఉండేవి. వాటిని చూసి కూరగాయలవాడు బేరమాడకముందే ధర తగ్గించేవాడు. పక్కింటి పిల్లలు గోడ దూకిన బంతి కోసం వచ్చి, అడక్కుండానే వెనక్కి పోయేవారు. నలభై ఏడేళ్ళ మనిషి. మొగుడు పోయి ఆరేళ్ళయింది, పిల్లల్లేరు. తండ్రి రమణయ్య, తనూ, అంతే ఇల్లు.

ఆ గీతలు కోపంతో పడినవి కావు, మాటలతో పడినవి. మాటలతో నుదుటి మీద గీతలేమిటి అంటారా? అది తెలియాలంటే కర్ర మిల్లు సంగతి వినాలి.

రమణయ్య తండ్రి శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి అండమాన్‌కి వచ్చినవాడు. రమణయ్య ఇక్కడే పుట్టి, మీసాలు రాకముందే ఒక కర్ర మిల్లులో పనికి కుదిరాడు. ఆ మిల్లు ఇప్పుడు లేదు. ఉన్న రోజుల్లో రంపాలు తిరుగుతుంటే చెవిలో నోరు పెట్టి అరిచినా వినపడేది కాదట. సైగ చేద్దామంటే చేతులు దుంగ మీద ఉంటాయి, తీస్తే వేళ్ళు తెగుతాయి. పెదాలు కదిపి చెబుదామంటే, రంపపు పొట్టు లోపలికి పోకుండా ప్రతివాడూ ముక్కూ నోరూ కలిపి తువ్వాలు బిగించేవాడు. ఇక మిగిలినవేమిటి? కళ్ళూ, కనుబొమ్మలూ. రెండూ పైకెత్తితే వదలమని. దగ్గరికి ముడిస్తే ఆగమని. ఎడమది ఒక్కటే లేస్తే ఆ పక్క చూసుకోమని. ఇలా పనిమాటలతో మొదలై, మేస్త్రీ మీద వెటకారాలూ, పెళ్ళి సంబంధాలూ, బూతులూ సమస్తం కనుబొమ్మల మీదికెక్కాయి. అందులో ఒక ఆచారం కూడా పుట్టింది. ఇద్దరికి చెడితే తిట్టుకునేవారు కాదు. ఎదురుపడ్డప్పుడు మొహంలో వెంట్రుకంతైనా కదలనిచ్చేవారు కాదు. దాన్ని మొహం మూయడం అనేవారు. అంతకు మించిన తిట్టు ఆ మిల్లులో లేదు.

మిల్లు రమణయ్య చెవులు రెండూ తినేసింది. ప్రమోదకి ఊహ తెలిసేసరికే ఆయనకి పిడుగు పడ్డా వినపడదు. తన గొంతు తనకే వినపడక నోటితో మాట్లాడడం కూడా మానేశాడు. అక్షరం ముక్క రాదు కాబట్టి రాసి చూపించే దారీ లేదు. అందుకని కూతురికి మాటలు రాకముందే కనుబొమ్మలు నేర్పాడు. తల్లి పోయాక లోకంలో జరిగేదంతా ఆయనకి ప్రమోద నుదుటి మీదే తెలిసేది. మెయిన్‌లాండ్ నుంచి ఓడ వచ్చిందో లేదో, ఎదురింటి పిల్ల ఎవరిని చేసుకుంటానంటోందో, సునామీ వచ్చిన ఉదయం ఎటు పరుగెత్తాలో, అన్నీ. నలభై ఏళ్ళ పాటు ముడిచి, విప్పి, ఎత్తి, దించితే గీతలు పడవా మరి? కానీ ఆమె టికెట్ల కౌంటర్ ముందు నిలబడ్డ టూరిస్టుకి ఇదంతా ఏం తెలుసు, వాడికెందుకు?

ప్రమోద జెట్టీ దగ్గర హేవలాక్ దీవికి పోయే బోట్ల టికెట్లమ్మే ఆఫీసులో పని చేసేది. ముందు కౌంటర్ ఆమెది. యజమాని ఫణికుమార్ డిగ్నాబాద్ కుర్రాడు, చెడ్డవాడేమీ కాదు. ఒక రోజు ఫోన్ ఆమె ముందు పెట్టాడు.

"దీదీ, బురా మత్ మానో, తప్పుగా అనుకోకు. ఇది ఒకసారి చూడు."

ఎవరో హనీమూన్ జంట రాసిన రివ్యూ. కౌంటర్‌లో ఉన్న పెద్దావిడ మమ్మల్ని కొట్టడానికి వచ్చినట్టు చూసింది, టికెట్టు శాపం పెట్టినట్టు ఇచ్చింది, అని. దాని కింద ఇంకెవరో, మాకూ అంతే, అని.

"నవ్వుతూనే ఇచ్చాను ఫణీ!"

"నువ్వు నవ్వావ్ దీదీ. నీ మొహమే నవ్వలేదు." వాడు తల గోక్కున్నాడు. "టెన్షన్ మత్ లో. జీతం అదే, నువ్వూ ఇక్కడే ఉంటావు. వెనక రూంలో బుకింగులు చూస్కో. ముందర స్వాతిని కూర్చోబెడదాం."

వెనక గదికి కిటికీ లేదు. ప్రమోదకి తల కొట్టేసినట్టయింది. మొగుడు పోయిన కొత్తలో ఆమెని బతికించింది ఆ కౌంటరే. రోజూ కొత్త మొహాలు, కొత్త భాషలు, సముద్రం మీది వెలుగు. అవన్నీ పోయి కంప్యూటర్ ముందు గోడకేసి కూర్చోవాలా? రెండు గీతల కోసం?

దారి చూపించింది స్వాతే. దాని మనసులో కపటం లేదు. "దీదీ, రెండు నెలలకోపాలి చెన్నై నుంచి స్కిన్ డాక్టరమ్మ వస్తాది. హోటల్లో క్యాంప్ పెడతాది. చిన్న చిన్న ఇంజెక్షన్లు, అంతే. గీతలు సాఫ్. మా పిన్ని ఏయించుకుంది, ఎవరికీ తెల్లేదు."

ఏప్రిల్ నెల క్యాంప్‌కి ప్రమోద వెళ్ళింది. డాక్టరమ్మ మంచిగా మాట్లాడింది. అద్దం చేతికిచ్చి కనుబొమ్మలు ముడవమంది, ఎత్తమంది, వేలు పెట్టి నొక్కి చూసింది.

"అమ్మో, ఎంత బలమైన కండరాలండీ! ఆడవాళ్ళలో ఇంత గట్టిగా నేను చూడలేదు. వీటితో ఏం చేస్తుంటారు మీరు?"

"ఏమీ లేదు డాక్టర్," అంది ప్రమోద. "అలవాటు."

ఇదిగో, ఇక్కడే నాకు ఒళ్ళు మండుతుంది. ఏమీ లేదట! 'మా నాన్నతో మాట్లాడతాను' అనడానికి నోరెందుకు రాలేదు? సిగ్గు. చెవిటి తండ్రి, కర్ర మిల్లు, కనుబొమ్మల భాష. ఏసీ గదిలో తెల్ల కోటు వేసుకున్నావిడ ముందు అవి చెప్పుకోవడానికి సిగ్గు. ఆ ఒక్క మాట అనుంటే ఆ డాక్టరమ్మే వద్దనేదేమో. పోనీ, కాస్త ఆలోచించుకోమనేదేమో.

"నుదురు మీద కూడా కొంచెం వేస్తాను. ముడవడం ఆగిపోతుంది, పైకెత్తడం కూడా బాగా తగ్గుతుంది. ఫరవాలేదా?"

"ఫరవాలేదు. ఎన్నాళ్ళుంటుంది డాక్టర్?"

"మూడు నెలలు. కొందరికి నాలుగు. తర్వాత కండరం మెల్లగా మేలుకుంటుంది, గీతలు మళ్ళీ వస్తాయి."

"అంతేనా!" అంది ప్రమోద. ఆమెకి నిజంగా నిరాశ కలిగింది. ఇంత చేసి మూడు నెలలేనా అనుకుంది.

అయిదారు రోజుల్లో నుదురు ఇస్త్రీ చేసినట్టయింది. పదేళ్ళు తగ్గిందనడం కాదు గానీ, ఎవరూ తప్పుకుని పోయే మొహం కాకుండా పోయింది. కౌంటర్ దగ్గరికి వచ్చినవాళ్ళు నవ్వడం మొదలుపెట్టారు. పుణే నుంచి వచ్చిన ముసలి దంపతులు ఆమెతో ఫోటో దిగారు. ఫణికుమార్ ఆ ఫోటోలో ఆమెని కత్తిరించి, పెద్దది చేయించి, ఆఫీసు బోర్డు మీద పెట్టించాడు. ప్రమోద రోజూ ఆ బోర్డు కింద నుంచి నడిచేది. సంతోషంగా నడిచేది. ఆ సంతోషాన్ని నేను తప్పు పట్టను. జీవితంలో మొదటిసారి ఆమెని చూసి లోకం జంకలేదు.

ఇంటి దగ్గర సంగతి వేరు.

మందు పూర్తిగా పట్టిన రోజు సాయంత్రం ఆమె వచ్చేసరికి రమణయ్య వరండాలో కూర్చుని ఉన్నాడు. కనుబొమ్మలెత్తి, ఎందుకింత ఆలస్యం అని అడిగాడు. బోటు లేటు నాన్నా, అని చెప్పబోయింది ప్రమోద. ఏదీ కదల్లేదు. ఇంకోసారి ప్రయత్నించింది. నుదురు ఎవరిదో అయినట్టు ఊరుకుంది. రమణయ్య ఎదురుచూశాడు. మళ్ళీ అడిగాడు. ఆమె కళ్ళు పెద్దవి చేసింది, నోరు కదిపింది. ఆయన ఆమె నోటికేసి చూడనే లేదు. జన్మలో ఆయన ఎవరి పెదాలూ చదివిన మనిషి కాదు. నున్నటి నుదుటికేసి చూస్తూ, చూస్తూ, ఆయన మొహం పాలిపోయింది. కూతురు తన మీద మొహం మూసేసింది.

ఎందుకు మూసింది? ఆ ముసలాయన తనలో తాను వెతుక్కున్నాడు. ముందు రోజు సుర్మయి చేపల కూరలో ఉప్పు ఎక్కువైతే, సముద్రమే వచ్చి ఇందులో పడిందా అని వెక్కిరించాడు. అదేనని నిశ్చయించుకున్నాడు. మర్నాటి నుంచి ఏం పెట్టినా మారుమాట లేకుండా తినేవాడు. కంచం తనే కడిగేవాడు. చేపల బజారుకి తనే పోయి, కూతురికిష్టమైన రొయ్యలు తెచ్చి గిన్నెలో పెట్టి, ఆమె మొహం కేసి ఆశగా చూసేవాడు. ఆ చూపుకి ప్రమోద గుండె నీరైపోయేది. చేతులు ఊపి చెప్పబోతే ఆయన మొహం తిప్పుకునేవాడు. చేతులూపేది దుకాణాలవాళ్ళతో, ఊళ్ళోవాళ్ళతో. సొంత కూతురు చేతులూపితే అది మొహం మూయడం కంటే ఎక్కువ అవమానంగా తోచింది ఆయనకి.

ఆమె మాత్రం ఆయన చెప్పేదంతా చదవగలిగేది. జవాబివ్వడమే రాదు. ఎంత నరకమో చూడండి. ఇంటర్నెట్‌లో వెతికి, మందు తొందరగా దిగుతుందంటే నుదుటికి వేడి నీళ్ళ కాపడం పెట్టింది, మర్దనా చేసింది, ఊళ్ళోని మెరీనా పార్క్ దగ్గర చెమటలు కక్కుతూ పరుగెత్తింది. చివరికి చెన్నైకి ఫోన్ చేసింది.

"దీనికి విరుగుడు లేదండీ," అంది డాక్టరమ్మ. "బాగా కుదిరింది కదా, ఎందుకు తీసేయాలి? మూడు నెలలు ఆగండి, అదే పోతుంది."

మూడు నెలలు! అంతేనా అన్న నోటితోనే అమ్మో అంది ప్రమోద. ఎనభై దగ్గర పడ్డ మనిషితో మూడు నెలలు మాట్లాడకుండా ఎలా ఉండడం?

సిప్పీఘాట్‌లో ఉండే మేనత్త మొగుడు భూషణం గుర్తుకొచ్చాడు. ఆయనా మిల్లు మనిషే. గట్టిగా అరిస్తే ఒక చెవికి వినిపిస్తుంది. ప్రమోద వెళ్ళి కాళ్ళ మీద పడ్డంత పని చేసి తీసుకొచ్చింది.

"ఏటే అమ్మీ, మొకానికి సూదులేయించుకున్నావా? జొరమొచ్చిందేటి?" అన్నాడు భూషణం.

"లేదు మావయ్యా! గీతలు పోడానికి!"

"గీతలు పోతే ఏటొస్తాది?"

ప్రమోద ఆయన చెయ్యి పట్టుకుంది. "నాన్నకి సెప్పు మావయ్యా. నేను మొహం ముయ్యలేదని సెప్పు. మందు వల్ల కదలట్లేదని సెప్పు."

ముసలివాళ్ళిద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. భూషణం కనుబొమ్మలు చాలాసేపు పని చేశాయి. మిల్లులో సూదిమందు అనే మాట ఉండేది కాదు, దాన్ని తిప్పి తిప్పి చెప్పాల్సి వచ్చింది. రమణయ్య అడిగేవన్నీ ప్రమోద పక్కన నిలబడి చదువుతోంది. ఎవరు చేశారు, అన్నాడు. తనే చేయించుకుంది, అన్నాడు భూషణం. రమణయ్య కూతురి నుదుటికేసి చూశాడు. నొప్పి పుట్టిందా, అని అడిగాడు.

అది చూసి ప్రమోద నోట్లో కొంగు కుక్కుకుంది.

"ఎన్నాళ్ళుంటాదే ఇది?" భూషణం ఆమె వైపు తిరిగాడు. "మీ నాన్న అడుగుతున్నాడు."

"మూడు నెల్లు మావయ్యా. మహా అయితే నాలుగు."

వానలు ముదిరేదాకా, అని భూషణం చెప్పాడు. రమణయ్య తలూపాడు. అంతవరకూ ఉంటానులే, అన్నాడు. ప్రమోద ఆయన నెత్తి మీద చెయ్యి పెట్టింది. "మళ్ళీ చేయించుకోను. నీ మీదొట్టు." వినపడదని తెలిసీ నోటితో అంది. భూషణం దాన్ని అక్షరం పోకుండా చెప్పాడు.

ఆ తర్వాత వాళ్ళింట్లో కొత్త పద్ధతి మొదలైంది. పొద్దున్నే రమణయ్య కూతురి గడ్డం పట్టుకుని మొహం కిటికీ వెలుగుకి తిప్పేవాడు. పండిందా లేదా అని బొప్పాయికాయని చూసినట్టు చూసేవాడు. ఇంకా లేదు, అని నవ్వి వదిలేసేవాడు. మే పోయింది, జూన్ పోయింది. వానలు పట్టుకున్నాయి. ఆగస్టు మొదట్లో, సముద్రం అల్లకల్లోలంగా ఉండి బోట్లు ఆపేసిన రోజు, ప్రమోద ఇంట్లోనే ఉంది. ఆయన గడ్డం పట్టుకోగానే ఆమె ప్రయత్నించింది. ఎడమ కనుబొమ్మ లేచింది, అదొక్కటే. రమణయ్య ఉలిక్కిపడి ఎడమ పక్కకి చూశాడు, ఏ దుంగ మీదికొస్తోందో అని! అక్కడ ఏముంది, గ్యాస్ పొయ్యి తప్ప? ఒక్క క్షణానికి సంగతి తెలిసింది. ఆయన తొడ చరుచుకుని నవ్విన నవ్వుకి పక్కింటివాళ్ళు పరుగెత్తుకొచ్చారు.

రెండోది కూడా వారం తిరక్కుండా లేచింది. ఇక చూడాలి ఆ ఇంటిని! మూడు నెలలకి పైగా దాచుకున్నదంతా ఆయన కక్కేశాడు. అన్నం మెతుకు ఉడకలేదని, పక్కింటి సాయి కొత్త బండి కొని గుంటలో పడ్డాడని, రాత్రిళ్ళు మోకాలు లాగేస్తోందని, కలలో మీ అమ్మ వచ్చి నీ కూతురు మాట్లాడుతోందా అని అడిగిందని. ప్రమోద వంట మానేసి ఎదురుగా కూర్చునేది. నుదురు నొప్పి పుట్టేదాకా మాట్లాడేది. తిట్టుకునేవారు, నవ్వుకునేవారు. తన ఇంట్లో తానున్నట్టు ఆమెకి అప్పుడనిపించింది.

గీతలూ వచ్చేశాయి. రాక ఏమవుతాయి?

అక్టోబరులో సీజన్ మొదలైంది. ఫణికుమార్ ఏమీ అనలేదు. ఆ మాట ఒప్పుకోవాలి. ఒకసారి మొహంలోకి చూసి, "మళ్ళీ వచ్చేశాయ్ కదా దీదీ," అని మాత్రం అన్నాడు. వచ్చినవాళ్ళు నవ్వడం తగ్గించారు. ఒక రోజు ఇండోర్ నుంచి వచ్చినావిడ టికెట్లు తీసుకుంటూ బోర్డుకేసి చూసి, ప్రమోద కేసి చూసి, "పైన ఫోటోలో ఉన్నది మీ చెల్లెలా?" అని మర్యాదగానే అడిగింది. ప్రమోద అవునంది. అవునని ఎందుకందో ఆమెకే తెలియదు. ఆ రోజంతా బోర్డు మీది ఆ లేని చెల్లెలి మీద కడుపుమంటతో కూర్చుంది.

మర్నాడే క్యాంప్. స్వాతి గుర్తు చేసింది. ప్రమోద వెళ్ళనంది. సాయంత్రం దాకా వెళ్ళననే అంది. తర్వాత ఆలోచన ఇంకో వైపు తిరిగింది. మూడు నెలలే కదా. నాన్నకి ఇప్పుడు సంగతి తెలుసు. మొన్న ఆగాడు, ఇప్పుడూ ఆగుతాడు. కొంచెమే వేయించుకుంటే సరి. ఎప్పటికీ పోయేదైతే ఆమె చచ్చినా చేయించుకునేది కాదు. మూడు నెలల్లో తిరిగొస్తుందన్న ధైర్యమే ఆమెని హోటల్ మెట్లెక్కించింది.

"తక్కువ వేస్తే గీతలు పోవండీ," అంది డాక్టరమ్మ.

"అయితే మొన్నట్లాగే వేయండి," అంది ప్రమోద.

మందు పట్టడానికి నాలుగైదు రోజులు పడుతుంది. ఆ నాలుగైదు రోజులూ ఆమె కనుబొమ్మలు బ్రహ్మాండంగా ఆడుతూనే ఉన్నాయి. చెప్పొచ్చు. 'నాన్నా, ఇలా చేశాను, కాస్త ఓపిక పట్టు' అని చెప్పడానికి కావలసిన సరంజామా అంతా నుదుటి మీదే ఉంది. ఆమె టమాటాల ధర చెప్పింది. చెన్నై ఓడ ఆలస్యమని చెప్పింది. దసరాకి భూషణం మావయ్యని భోజనానికి పిలుద్దామంది. ఒట్టు సంగతి ఎత్తలేదు, సూది సంగతి ఎత్తలేదు.

ఒక పొద్దున రమణయ్య టీ గ్లాసు అందుకుంటూ, పంచదార వేశావా అని అడిగాడు. ఆమె నుదురు కదల్లేదు. ఆయన మళ్ళీ అడిగాడు. గ్లాసు కింద పెట్టి, కూతురి గడ్డం పట్టుకుని, మొహాన్ని కిటికీ వైపు తిప్పాడు. చాలాసేపు చూశాడు. ప్రమోద కళ్ళలోంచి నీళ్ళు కారి ఆయన చేతి మీద పడ్డాయి. నుదురు మాత్రం హాయిగా, ఏ చీకూ చింతా లేని మనిషిదిలా ఉంది. ఆయన చెయ్యి తీసేశాడు. భూషణాన్ని పిలవమనలేదు, ఏమీ అడగలేదు. ఆయన ముడతలన్నీ అక్కడే ఉన్నాయి, అందులో ఒక్కటీ కదల్లేదు. మిల్లు రోజుల తర్వాత రమణయ్య మొహం మూసింది ఆ పొద్దునే.

ప్రమోద పెద్దగా బెదరలేదు. కోపం, తగ్గుతుంది అనుకుంది. తన మొహం తిరిగొచ్చాక బతిమాలుకోవచ్చు అనుకుంది. కౌంటర్‌లో టూరిస్టులు మళ్ళీ నవ్వారు. జనవరి దాటి ఫిబ్రవరి వచ్చింది. కనుబొమ్మలు మేలుకున్నాయి. ఆ రోజు ఆమె సెలవు పెట్టి, తండ్రి ఎదురుగా నేల మీద కూర్చుని, తప్పైపోయింది నాన్నా, అంది. రెండు కనుబొమ్మలతో, స్పష్టంగా. ఒకటికి పదిసార్లు అంది. రమణయ్య ఆమెని చూశాడు. గోడని చూసినట్టు చూశాడు. లేచి, చెప్పులేసుకుని, సిప్పీఘాట్ బస్సెక్కడానికి వెళ్ళిపోయాడు.

చీకటి పడకముందే భూషణం ఒక్కడూ వచ్చాడు, రమణయ్య బట్టలు తీసుకెళ్ళడానికి.

"రానంటున్నాడే అమ్మీ. మా ఇంటికాడే ఉంటాడంట. నేను శానా సెప్పినాను."

"ఏమన్నాడు మావయ్యా?"

భూషణం లుంగీలు మడత పెడుతూ ఆమె వైపు చూడకుండా చెప్పాడు. "మొదటిపాలి దానికి తెలీదు బావా అన్నాడు. రెండోపాలి తెలుసు. నేను ఎవల్తోనూ మాటాడకుండా ఎలా పడున్నానో సూసింది. సూసి కూడా ఎల్లింది అన్నాడు."

"మూడు నెల్లే కదా అనుకున్నాను మావయ్యా."

"మూడు నెల్లే. నీకు." సంచీ భుజానికెత్తుకుని భూషణం వెళ్ళిపోయాడు.

ఆమె ఆదివారాలు సిప్పీఘాట్ వెళ్ళింది. వెళ్ళినప్పుడల్లా దూరం నుంచి ఇద్దరు ముసలివాళ్ళూ నవ్వుకుంటూ కనిపించేవారు. ఆమె గుమ్మంలోకి రాగానే ఒక మొహం ఆగిపోయేది. తర్వాత ప్రమోద వెళ్ళడం తగ్గించింది.

ఏప్రిల్‌లో డాక్టరమ్మ మళ్ళీ క్యాంప్ పెట్టింది. స్వాతి గుర్తు చేయకుండానే ప్రమోద వెళ్ళి కుర్చీలో వెనక్కి వాలింది.

"అరె, మంచి టైముకి వచ్చారు," అంది డాక్టరమ్మ దూదితో నుదురు తుడుస్తూ. "అప్పటిలాగే మూడు నెలలు ఉంటుంది. ఆపకుండా వేయించుకుంటూ పోతే కొందరికి ఇంకాస్త ఎక్కువ కూడా నిలుస్తుంది."

"ఎక్కువ నిలిచేలాగే వేయండి డాక్టర్," అంది ప్రమోద కళ్ళు మూసుకుని. "ఇంట్లో వీటితో ఇప్పుడు పనేం లేదు."